నాలుగేళ్ల పాపతో, కారు లేకుండా ఆల్ప్స్‌కి: 900 యూరోల్లో ఎక్కడికి వెళ్లొచ్చు?

ప్రశ్న: మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, నాది పార్ట్ టైమ్. పాపకు నాలుగేళ్లు నిండాయి, కిటాకు (పిల్లల డేకేర్‌కు) వెళ్తోంది. కారు లేదు, కొనే ఆలోచనా లేదు. ఇద్దరికీ ఆఫీసు ఇచ్చిన డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా బస్సులకు, ప్రాంతీయ రైళ్లకు చెల్లే నెలవారీ పాస్) ఉంది. జూన్ మొదటి వారంలో మూడు రాత్రులు ఆల్ప్స్‌లో గడపాలని అనుకుంటున్నాం. ఖర్చు 900 యూరోలు దాటకూడదని నా పట్టుదల. మావారేమో కారు అద్దెకు తీసుకుని స్విట్జర్లాండ్‌లోని వెంగెన్ వెళ్దామంటారు. అక్కడ హోటల్ మూడు రాత్రులకు 690 ఫ్రాంకులు చూపిస్తోంది. ఆస్ట్రియాలోని సెర్ఫాస్‌లో టిఫిన్, రాత్రి భోజనంతో కలిపి 840 యూరోలు. ఇటలీలో బోల్జానో పైన ఉన్న రిట్టెన్‌లో వంటగది ఉన్న ఫ్లాట్ 405, క్లీనింగ్‌కు ఇంకో 80. బోల్జానోకు ఇద్దరికీ రానుపోను రైలు 140. కారు అద్దె నాలుగు రోజులకు చైల్డ్ సీటుతో 260. కొంపల్లి ఫ్లాట్‌కు నెలకు 48,000 రూపాయల ఈఎంఐ కడుతున్నాం. ఇక్కడి ఖర్చు 2,600 యూరోలు. అన్నీ పోను నెలకు 500 మిగులుతుంది. బ్యాంకులో 4,200 ఉన్నాయి. మేం శాకాహారులం. ఏది ఎంచుకోవాలి? అసలు ఇప్పుడు వెళ్లడం తెలివైన పనేనా?

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితేగానీ మొదటిది తేలదు. మీ ఈఎంఐ యూరోల్లో ఐదు వందలకు దగ్గరగా ఉంటుంది. అంటే నెలకు కచ్చితంగా బయటికి వెళ్లే డబ్బు 3,100. దగ్గరున్న 4,200 నెలన్నరకు కూడా చాలదు. ఉద్యోగం పోతే జర్మనీలో నిరుద్యోగ భృతి ఉంటుంది నిజమే. గత 30 నెలల్లో కనీసం 12 నెలలు చందా కట్టి ఉంటే, పిల్లలున్నవారికి నికర జీతంలో 67 శాతం దాకా వస్తుంది. కానీ కొంపల్లి బ్యాంకుకు ఆ శాతాలతో పని లేదు, ఈఎంఐ మొత్తం వెళ్లాల్సిందే. అందుకని ఆ 4,200 జోలికి వెళ్లకండి. వాయిదాల్లో కట్టే హాలిడే ప్యాకేజీల జోలికి అసలే వద్దు.

దానికి ప్రయాణం మానుకోనక్కర్లేదు, సెప్టెంబర్‌కు జరిపితే చాలు. మే నుంచి ఆగస్టు దాకా నెలకు 225 చొప్పున విడిగా ఒక టాగెస్‌గెల్డ్ ఖాతాలో (ఎప్పుడైనా డబ్బు తీసుకోగల పొదుపు ఖాతాలో) వేయండి, 900 అవుతాయి. మిగతా 275 అత్యవసర నిధికి పోతుంది. ఈ ప్రయాణం చేసొచ్చినా దాచుకున్నది తరగదు, పైగా పెరుగుతుంది.

జూన్ మొదటి వారం వద్దనడానికి ఇంకో కారణం ఉంది. బవేరియాలో ఈ ఏడాది పెంతెకొస్తు బడి సెలవులు అప్పటిదాకా నడుస్తాయి. జూన్ 2 ఇటలీలో గణతంత్ర దినోత్సవం. జూన్ 4, గురువారం బవేరియాలో సెలవు, శుక్రవారం చాలామంది లీవు పెట్టేస్తారు. బడికెళ్లే పిల్లలున్నవాళ్లకు ఆ వారం తప్ప గతి లేదు, హోటళ్ల వాళ్లకూ ఆ సంగతి తెలుసు. మీ పాప ఇంకా కిటాలోనే ఉంది. పాప బడిలో చేరాక ఈ వెసులుబాటు ఉండదు కాబట్టి ఈ రెండేళ్లూ వాడుకోండి. సెప్టెంబర్ 21 సోమవారం బయల్దేరి 24 గురువారం తిరిగి రండి. ఆ నెల సౌత్ టిరోల్‌లో (బోల్జానో, రిట్టెన్ ఉన్న ఇటలీ ప్రాంతంలో) ఖాళీ సీజనేమీ కాదు, నడకలకు వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ఫ్లాట్ అద్దె భారీగా తగ్గుతుందని ఆశపడొద్దు. అయితే వారం మధ్యలో ఫ్లాట్లు, రైల్లో చౌక టికెట్లు దొరకడం తేలిక. గురువారమే తిరిగి రమ్మనడానికి కారణం మ్యూనిక్‌లో జరిగే బీరు ఉత్సవం, అక్టోబర్‌ఫెస్ట్. దాని మధ్య వారాంతానికి ఇటలీ నుంచి మ్యూనిక్ వచ్చే రైళ్లు కిక్కిరిసిపోతాయి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు ప్రయాణించడం సరదాగా ఉండదు. ఇంకా చౌక అని నవంబర్‌కు మాత్రం వెళ్లకండి. నవంబర్‌లో, ఏప్రిల్, మే నెలల్లో చాలాచోట్ల రోప్‌వేలను మరమ్మతులకు ఆపేస్తారు.

ఇక ఎక్కడికి అన్నది. మీవారి వెంగెన్ సంగతి ముందు చూద్దాం, ఆయన కోరిక తప్పుబట్టేదేమీ కాదు. నిజంగానే అందమైన ఊరు, బయటి కార్లు అక్కడికి వెళ్లవు. లోయలోని లౌటర్‌బ్రున్నెన్ నుంచి పళ్ల పట్టాల రైలెక్కి పైకి చేరాలి. మీరు కారు అద్దెకు తీసుకుంటే జరిగేది ఇదీ: 260 కట్టి తెచ్చిన కారును లౌటర్‌బ్రున్నెన్ పార్కింగ్‌లో మూడు రాత్రులు నిలబెట్టి, దానికీ రోజువారీ డబ్బు కట్టి, రైల్లో ఊరికి వెళ్తారు. స్విస్ మోటార్‌వే స్టిక్కర్ 40 ఫ్రాంకులు. రెండు రోజుల వాడకానికైనా ఏడాది స్టిక్కరే కొనాలి, చిన్నది దొరకదు. హోటల్, కారు, స్టిక్కర్ కలిపితేనే వెయ్యి యూరోలు దాటింది. పెట్రోలు, పార్కింగ్, తిండి ఇంకా లెక్కలోకి రాలేదు. తీరా అక్కడిదాకా వెళ్లాక, రైల్లో వెళ్లగలిగే మంచుకొండల నడుమ చోటు యుంగ్‌ఫ్రౌయోఖ్ చూడకుండా వెనక్కి వస్తారా? ఇద్దరికి పూర్తి ధర టికెట్లు కొంటే మీ 900లో మూడో వంతు పైనే పోతుంది. అదీ 3,454 మీటర్ల ఎత్తు. నాలుగేళ్ల పిల్లకు తలనొప్పి వస్తే ఏమైందో సరిగ్గా చెప్పలేదు, ఏడుస్తుంది. అంత డబ్బు పెట్టి అరగంటలో కిందికి దిగొచ్చిన కుటుంబాలు చాలానే ఉంటాయి.

కారు మానేసి రైల్లో వెళ్లినా మ్యూనిక్ నుంచి వెంగెన్‌కు ఏడు గంటలకు దగ్గర, కనీసం మూడు చోట్ల మారాలి. నాలుగు రోజుల ప్రయాణంలో రెండు రోజులు రైళ్లకే పోతాయి. ఐదారు రాత్రులు ఉండగలిగినప్పుడు వెళ్లండి. స్విట్జర్లాండ్‌లో ఆరేళ్లలోపు పిల్లలకు రైలు ఉచితం కదా, ఆ వయసు దాటకముందే వెళ్లాలన్న టెన్షన్ అక్కర్లేదు. ఆ తర్వాత కూడా తల్లిదండ్రులు స్విస్ ట్రావెల్ పాస్ కొంటే, 16 నిండని పిల్లలు ఫ్యామిలీ కార్డు మీద ఉచితంగానే ప్రయాణిస్తారు.

సెర్ఫాస్‌ను పిల్లలున్నవాళ్లు ఇష్టపడతారు. ఊరి వీధులను వాహనాల నుంచి కాపాడటానికి 1985లో అక్కడ చిన్న భూగర్భ రైలు వేశారు. అంత చిన్న ఊళ్లో మెట్రో! ఎక్కడానికి డబ్బు తీసుకోరు. అయితే 840లో రాత్రి భోజనం ఉందన్నారు. శాకాహారులు అక్కడ భోజనంతో కూడిన గది తీసుకుంటే సగం మెనూకు డబ్బు కట్టి వదిలేసినట్టే. లాండెక్ దాకా రైలు, అక్కడి నుంచి కొండ మీదికి బస్సు, మధ్యాహ్నం తిండి కలిస్తే బడ్జెట్ దాటుతుంది. మంచులో స్లెడ్జి మీద జారాలన్న సరదా పాపకు పుట్టిన ఏడాది దీన్ని మళ్లీ చూడొచ్చు.

నేనైతే రిట్టెన్‌కే ఓటేస్తాను. వెంగెన్ లాగా అక్కడ కార్లు నిషేధం కాదు, రోడ్డు ఉంది, ఊరివాళ్ల కార్లు తిరుగుతాయి. కానీ మీ జేబుకు కావలసింది కార్లు లేని ఊరు కాదు కదా, మీకు కారు అవసరం రాని ఊరు. మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ (ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని కనుమ) మీదుగా బోల్జానోకు నేరుగా రైలుంది, సుమారు నాలుగు గంటలు. బోల్జానో స్టేషన్ నుంచి రోప్‌వేకు నడిచి వెళ్లొచ్చు. 12 నిమిషాల్లో దాదాపు వెయ్యి మీటర్లు పైకి, ఓబర్‌బోజెన్‌కు చేరుస్తుంది. అక్కడి నుంచి 1907లో మొదలైన చిన్న రైలు పచ్చిక బయళ్ల మధ్యగా క్లోబెన్‌స్టైన్ అనే ఊరికి వెళ్తుంది. ఎదురుగా ష్లెర్న్ కొండ. పాపకు ఇదే పెద్ద ఆకర్షణ అవుతుంది చూడండి. పెద్దవాళ్లు శిఖరం కోసం వెళ్తారు, ఈ వయసు పిల్లలకు రైలెక్కి దిగడమే పండగ.

డబ్బు పరంగా అసలు లాభం సుడ్‌టిరోల్ (సౌత్ టిరోల్) గెస్ట్ పాస్. ఆ పథకంలో ఉన్న బసల్లో దిగినవాళ్లకు ఇది ఉచితం. దీంతో బస్సులు, ప్రాంతీయ రైళ్లు, ఆ రోప్‌వే, ఆ చిన్న రైలు అన్నీ ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. వర్షం పడితే రోప్‌వేలో కిందికీ పైకీ రెండుసార్లు తిరిగినా పైసా ఖర్చుండదు. ఫ్లాట్ యజమానికి బుకింగ్‌కు ముందే రెండు మాటలు రాయండి: ఈ పాస్ ఇస్తారా, మేం వచ్చే రోజుకే చేతిలో ఉండేలా ఈమెయిల్‌లో పంపుతారా అని. ఇవ్వం అని చెబితే ఇంకో ఫ్లాట్ చూసుకోండి. ఇదొక్కటీ రాజీ పడొద్దు.

లెక్క ఇలా వస్తుంది. ఫ్లాట్, క్లీనింగ్ కలిపి 485. రైలు 140. స్థానిక పర్యాటక పన్నుకు 20 పెట్టుకుందాం. సరుకులకు 60. బయట మధ్యాహ్న భోజనం రోజుకు 35 చొప్పున నాలుగు రోజులకు 140. మొత్తం 845, చేతిలో 55 మిగులుతాయి, ఐస్‌క్రీములకూ కాఫీలకూ. రెండు రాత్రులకు తగ్గిద్దామనుకోకండి. ఎన్ని రాత్రులున్నా క్లీనింగ్ చార్జి 80 మారదు కాబట్టి రాత్రికి 162 పడేది 175 అవుతుంది, రైలు ఖర్చూ అంతే ఉంటుంది.

బియ్యం, కందిపప్పు, పోపుల డబ్బా, చిన్న కుక్కర్ మ్యూనిక్ నుంచే పట్టుకెళ్లండి. కూరగాయలు, పాలు అక్కడ కొనొచ్చు, కాకపోతే ఊళ్లోని దుకాణాలు మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు. బయట తినేటప్పుడు పాలకూర క్నోడెల్ (బ్రెడ్డుతో చేసే ఉడికించిన ఉండలు) అడగండి. చాలాచోట్ల ఉంటుంది, వెన్న, చీజ్ వేసి ఇస్తారు. సూపులో వేసిచ్చే క్నోడెల్‌కు మాత్రం సాధారణంగా మాంసం మరిగించిన నీళ్లే వాడతారు, ఆర్డర్ ఇచ్చేముందు అడగండి. కైజర్‌ష్మార్న్ అనే తీపి అట్టు ముక్కలు ఒక ప్లేటు తెప్పిస్తే పాప భోజనం అయిపోయినట్టే.

క్లోబెన్‌స్టైన్ నుంచి మట్టి స్తంభాల దగ్గరికి సుమారు అరగంట నడక. ఒక్కో సన్నని మట్టి స్తంభం నెత్తిన ఒక్కో బండరాయి ఉంటుంది. వానకు చుట్టూ ఉన్న మట్టి కరిగిపోయి, రాయి గొడుగు పట్టిన చోట మాత్రం మిగిలింది. టికెట్ లేదు. మరో రోజు బోల్జానోలో దిగొచ్చు. 1991లో హిమానీనదంలో దొరికిన 5,300 ఏళ్ల నాటి ఓట్జి అక్కడి మ్యూజియంలో ఉన్నాడు. పెద్దలకు అద్భుతం, నాలుగేళ్ల పిల్లకు మాత్రం క్యూ, చీకటి గది, ఒక శవం. ఆ టికెట్ డబ్బు మిగుల్చుకుంటారో లేదో మీ ఇష్టం.

మీవారు రిట్టెన్‌కు కూడా కారే అంటే ఈ మాట చెప్పండి. ఆస్ట్రియా మోటార్‌వే స్టిక్కర్ కాక బ్రెన్నర్ దారికి విడిగా టోల్ కట్టాలి. ఆ దారిలోని లూగ్ వంతెన పాతబడినందువల్ల 2025 జనవరి నుంచి రద్దీ రోజులు తప్ప ఒక్కో వైపు ఒకే వరుసలో బండ్లను వదులుతున్నారు. వెనక సీట్లో పాప, ముందు ట్రాఫిక్ జామ్. రైల్లో అయితే ఆరేళ్లలోపు పిల్లకు టికెట్ లేదు, సీటు మాత్రం రిజర్వ్ చేయించండి.

రైలు టికెట్ కొనేటప్పుడు అన్నిటికంటే చౌకది కాకుండా, రద్దు చేస్తే కొంత కోసుకుని మిగతాది తిరిగిచ్చే రకం తీసుకోండి. కిటా పిల్లలకు జ్వరం ప్రయాణానికి ముందు రోజే వస్తుంది! ఫ్లాట్ కూడా ఉచిత రద్దు ఉన్నదే చూడండి. కొనేముందు ఆ తేదీల్లో ట్రాక్ పనులున్నాయేమో, మధ్యలో రైలు బదులు బస్సు పెట్టారేమో గమనించండి. ఒకే టికెట్ మీద వెళ్తూ గంట ఆలస్యమైతే చార్జీలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం అడిగి తీసుకోవచ్చు. మీ డాయిచ్‌లాండ్ టికెట్ ఆస్ట్రియా సరిహద్దు ఊరు కుఫ్‌స్టైన్ దాకా పనికొస్తుంది. అక్కడి నుంచి బ్రెన్నర్‌కు ఆస్ట్రియా టికెట్ కొని, బ్రెన్నర్ నుంచి గెస్ట్ పాస్ మీద ప్రాంతీయ రైలెక్కితే ఇంకా తక్కువలో పోవచ్చు. ఇద్దరే అయితే చేయమనేవాణ్ణి. పాప, సూట్‌కేసు, కుక్కర్‌తో అన్నిసార్లు రైళ్లు మారమని మాత్రం చెప్పను.

ముగ్గురి పాస్‌పోర్టులు, రెసిడెన్స్ కార్డులు దగ్గరుండాలి, పాపది కూడా. తిరిగొచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర జర్మన్ పోలీసులు రైల్లో అడిగే అవకాశం ఉంది. మీ హెల్త్ కార్డు వెనక ఉండే యూరోపియన్ కార్డు ఇటలీలో అత్యవసర వైద్యానికి పనిచేస్తుంది, కొండ మీది నుంచి హెలికాప్టర్‌లో దింపితే ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చు. ఏడాది మొత్తానికి కుటుంబానికి విదేశీ ప్రయాణ వైద్య బీమా కొద్ది డబ్బుకే వస్తుంది. అందులో అలా కాపాడి దింపే ఖర్చు ఉందో లేదో చదివి కొనండి. ఇండియా వెళ్లినప్పుడూ అది పనికొస్తుంది.

ఇంకో సంగతి, మీరు అడగలేదు కానీ. కిటా ఫీజులో, తిండి ఖర్చు తీసేసి, 80 శాతం దాకా, ఏడాదికి 4,800 యూరోలు మించకుండా 2025 నుంచి టాక్స్‌లో మినహాయింపు చూపించొచ్చు. ఫీజు బ్యాంకు ద్వారా కట్టి ఉండాలి. మీరు ఇంకా టాక్స్ రిటర్న్ వేయకపోతే ఈ నెలలోనే వేయండి. వచ్చిన డబ్బు ప్రయాణానికి కలపకుండా ఆ 4,200 పక్కన చేర్చండి. ఒకవేళ ఆగస్టు దాకా 225 వేయడం కుదరక సగంలో ఆగిపోతే, రిట్టెన్ బుకింగ్ రద్దు చేసి బవేరియాలోని కొండ ఊళ్లు గార్మిష్‌కో మిట్టెన్‌వాల్డ్‌కో పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రండి. మీ ఇద్దరి టికెట్లు అక్కడికి చెల్లుతాయి, పాపకు ఎలాగూ ఉచితం.