సవరణా, మార్పా?

సందేహం: ‘రాజ్యాంగ సవరణ’ అంటున్నారు. సవరణ అంటే చిన్న దిద్దుబాటే కదా? ఓటు వయసు తగ్గించడం లాంటి పెద్ద పనిని ‘రాజ్యాంగ మార్పు’ అనొద్దా? తెలంగాణ ఏర్పాటునూ సవరణ అనవచ్చా?

సమాధానం: అచ్చుతప్పుల పట్టికకు ‘సవరణ’ అని పేరు పెట్టీ పెట్టీ ఆ మాటను మనమే ఇరుకు చేసుకున్నాం. పైట సవరించుకుంటాం, గొంతు సవరించుకుంటాం. పాత కావ్యాల్లో దీనికి సిద్ధం చేయడం, సమకూర్చడం అనే అర్థాలూ ఉన్నాయి. వీణనే చూడండి. తీగ బిగించినా, వదులు చేసినా, తెగినదాన్ని తీసి కొత్తది కట్టినా సవరించడమే. వీణను విరిచి పొయ్యిలో పెడితే మాత్రం దాన్ని సవరణ అనే తెలుగువాడు లేడు. (జడలో కలిపే సవరంతో దీనికి చుట్టరికం కలపడం తొందరపాటు.)

రాజ్యాంగం 368వ అధికరణం లెక్క కూడా ఇదే: చేర్చడం, మార్చడం, రద్దు చేయడం మూడూ సవరణే. 86వ సవరణ విద్యాహక్కు కోసం 21-ఎ అధికరణాన్ని చేర్చింది. 44వది ఆస్తిహక్కు తాలూకు 31వ అధికరణాన్ని తీసేసింది. మీరన్న ఓటు వయసు 61వది: 326వ అధికరణంలో ‘ఇరవై ఒకటి’ తీసి ‘పద్దెనిమిది’ పెట్టారు, అంతే. కనుక మార్పు సవరణలో ఒక కొమ్మ. 1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు 13 మంది న్యాయమూర్తుల్లో 7 మంది, సవరించే అధికారం ఉన్నా మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్నారు. మన వీణ న్యాయమే అది!

తెలంగాణ సంగతి వేరు. 368 కింద సవరణకు ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి. 543 మంది ఉన్న లోక్‌సభలో 450 మంది ఓటేస్తే 300 చాలు. 360 మందే ఓటేస్తే 240 చాలదు, 272 ఉండాలి. కొన్ని అంశాలకు సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదమూ తప్పదు. కొత్త రాష్ట్రానికి ఇవేవీ అక్కర్లేదు, సాధారణ మెజారిటీ చాలు. రాష్ట్రాల పేర్లు, వాటి రాజ్యసభ సీట్లు ఉండే షెడ్యూళ్లు (రాజ్యాంగం చివరి పట్టికలు) మారినా అది 368 కింద సవరణ కాదని 4వ అధికరణమే చెబుతోంది. అయితే 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, ఉద్యోగాలు, చదువుల్లో స్థానికులకు సమాన అవకాశాల గురించి చెప్పే 371-డి అధికరణంలోని మాటలను సవరించింది కూడా. అందువల్ల మాటవరసకు సవరణ అంటే తప్పు పట్టను. ‘రాజ్యాంగ సవరణ చట్టం’ అని రాస్తే మాత్రం ఒప్పుకోను.

రాజ్యాంగంలో ఉన్నవి అధికరణాలు, ‘సెక్షన్లు’ కావు. ఇక ‘సవరించడం జరిగింది’ అని రాసే విలేఖరులకు ఒక మాట: పార్లమెంటు సవరించింది. కర్త కళ్లెదుటే ఉండగా దాచడం ఎందుకు?