డబ్బున్నవాళ్లకే సాధ్యమా?

ప్రశ్న: సార్, మాది నెల జీతం మీద నడిచే ఇల్లు. మా ఊరి ప్రభుత్వ బడికి, అక్కడి పచ్చదనానికి ఏదైనా చేయాలని ఉంది. కానీ అవన్నీ ట్రస్టులు, కంపెనీలు చేసే పనులేమో కదా?

జవాబు: అదేం లేదండీ. మంగళూరులో నారింజపళ్లు అమ్ముకున్న హరేకళ హాజబ్బ అసలు బడికే వెళ్లలేదు. ఓ విదేశీయుడు ఇంగ్లీషులో ధర అడిగితే చెప్పలేకపోయారు, ఆ బాధతోనే పైసా పైసా కూడబెట్టి, చందాలు అడిగి, ఆఫీసుల చుట్టూ తిరిగి న్యూపడ్పులో తన ఊరి పిల్లలకు బడి తెచ్చారు. 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మన ఖమ్మం జిల్లా వనజీవి రామయ్య గారైతే సైకిల్ మీద తిరుగుతూ ఖాళీ జాగా కనబడితే చాలు, మొక్కలు నాటేవారు.

మీరు అంత చేయక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం వాళ్ల పనే. చాలాచోట్ల సంతకాలతో సరిపెడతారు (అదే నా బాధ). లెక్కలు తెలిసినవాళ్లు పక్కన కూర్చుని ఆ ప్రణాళిక రాయిస్తే అంతకన్నా సాయం లేదు.

ఇక మొక్కలంటారా, నాటే రోజు ఫోటోలకు అందరూ వస్తారు, వేసవి సెలవుల్లో నీళ్లు పోయడానికే మనిషి దొరకడు. హెడ్మాస్టరు గారిని అడిగి గేటు తాళం చెవి తీసుకోండి.