హాలుకు అడ్వాన్సు కట్టే ముందు

గుంటూరు, ఆదివారం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో, రెండోసారి చేతిలో పెన్సిలు పట్టుకుని. పొట్టి సినిమాలు, వెబ్ సిరీస్‌లు, టీవీ కార్యక్రమాలు తీసే తెలుగువాళ్లందరికీ కలిపి ఒక అకాడమీ ఉండాలన్న ఆలోచన చాలా మంచిది. నీ వయసులో నాకు తట్టలేదు. కానీ అమ్మాయ్, పద్నాలుగు పేజీల్లో తొమ్మిది పేజీలు అవార్డుల సభ గురించే రాశావు. హాలు, దీపాలు, యాంకరు, శాలువాలు, మెమెంటోలు, భోజనాలు, ఎర్ర తివాచీ. సభ్యులెవరు, వాళ్లు ఎందుకు కలుస్తారు అన్నదానికి అరపేజీ. ఆ అరపేజీ పెరిగి తొమ్మిది పేజీలయ్యేదాకా హాలుకు అడ్వాన్సు కట్టకు.

ఫోనులో నువ్వు "మన బాఫ్టా అనుకో మావయ్యా" అన్నావు. బాఫ్టా అంటే సినిమాలకూ టీవీకీ అవార్డులిచ్చే బ్రిటన్ అకాడమీ. ఆ పేరు ఎత్తావు కాబట్టి ఆ సంస్థ మొదటి ముప్ఫై ఏళ్లు ఎలా గడిచాయో చెబుతాను. మనం టీవీలో చూసేది ఇప్పటి ఎర్ర తివాచీ, అవార్డుగా ఇచ్చే కంచు ముసుగు. వాళ్లు మొదలుపెట్టిన రోజున ఆ రెండూ లేవు, ఆ పేరు కూడా లేదు.

1947 ఏప్రిల్ 16న లండన్‌లో హైడ్ పార్క్ హోటల్లో కొందరు సినిమావాళ్లు కలుసుకున్నారు. అలా పుట్టింది బ్రిటిష్ ఫిల్మ్ అకాడమీ. దాన్ని నిలబెట్టినవాళ్ల పేర్లు చూడు: డేవిడ్ లీన్, కరోల్ రీడ్, మైఖేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్, అలెగ్జాండర్ కోర్డా, మైఖేల్ బాల్కన్, లారెన్స్ ఒలీవియే. మొదటి అధ్యక్షుడు లీన్. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు, చేతినిండా పని. వీళ్లకు తోడు రోజర్ మాన్వెల్ అని సినిమా గురించి రాసే పండితుడు. సంస్థను దగ్గరుండి నడిపే బాధ్యత ఆయనది. ఈ కూర్పు నాకు ఎప్పుడూ నచ్చుతుంది. తీసేవాళ్లు పదిమంది ఉంటే, కూర్చుని చదివి, రాసి, ఫైళ్లు చూసుకునేవాడు ఒక్కడైనా ఉండాలి. మీ గుంపులో తీసేవాళ్లే ఉన్నారు. నీ కాగితాల్లో మాన్వెల్ లేడు. ముందు అలాంటి మనిషిని వెతుకు. కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడైనా, పత్రికలో సమీక్షలు రాసి రిటైరయిన ఆయనైనా సరే.

పుట్టినది 1947లో అన్నానా? మొదటి అవార్డులు ఇచ్చింది 1949 మే నెలలో. రెండేళ్లు ఆగారు. దేశంలో అంత పేరున్నవాళ్లకే రెండేళ్లు పట్టింది. మీరు ఈ ఆగస్టులో సంఘం రిజిస్టరు చేసి డిసెంబరులో అవార్డులిస్తామంటున్నారు.

ఆ మొదటి సభలో గౌరవించిన సినిమాలు మూడు. ఏ దేశానిదైనా సరే ఉత్తమ చిత్రంగా అమెరికా సినిమా 'ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్'. ఉత్తమ బ్రిటిష్ చిత్రంగా కరోల్ రీడ్ తీసిన 'ఆడ్ మ్యాన్ అవుట్'. డాక్యుమెంటరీగా పాల్ రోథా తీసిన 'ది వరల్డ్ ఈజ్ రిచ్', యుద్ధం తర్వాత లోకంలో తిండి కొరత గురించిన చిత్రం. నటీనటులకు అవార్డులు మొదలైంది 1952 సంవత్సరపు చిత్రాలతోనే. నీ జాబితాలో 34 విభాగాలున్నాయి. ఉత్తమ పోస్టరు, ఉత్తమ టీజరు, జనం మెచ్చిన జంట... వద్దు తల్లీ. మూడుతో మొదలుపెట్టు, నాలుగైనా పరవాలేదు. ఒక్కో విభాగానికి పది మంచి పనులు పోటీకి వస్తే అవార్డుకు బరువుంటుంది. రెండు ఎంట్రీల్లో ఒకదాన్ని ఎంచి ఉత్తమం అంటే తీసుకున్నవాడికే సిగ్గేస్తుంది.

ఆ మొదటి ఉత్తమ చిత్రం విషయం కొంచెం విడమర్చి చెప్పాలి, నాకు అన్నిటికంటే గౌరవం కలిగించింది అదే. 1947 నాటి బ్రిటన్‌లో రొట్టె కూడా రేషనే. ఆ చలికాలం బొగ్గు దొరక్క అల్లాడారు. దేశం దగ్గర డాలర్లు లేవు. అమెరికా సినిమాలకు టిక్కెట్ల రూపంలో డాలర్లు పోతున్నాయని ఆ ఏడు ఆగస్టులో ప్రభుత్వం విదేశీ సినిమాల మీద 75 శాతం పన్ను వేసింది. హాలీవుడ్ కోపగించి కొత్త సినిమాలు పంపడం మానేసింది. 1948 మార్చిలో రాజీ కుదిరాక ఆగిన సినిమాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి, అక్కడి నిర్మాతలు దెబ్బతిన్నారు. అకాడమీలో ఉన్నవాళ్లే ఆ దెబ్బ తిన్నవాళ్లు. అయినా ఏడాది తిరిగాక తమ మొదటి సభలో పెద్ద అవార్డు అమెరికా సినిమాకే ఇచ్చారు. యుద్ధం నుంచి ఇల్లు చేరిన సైనికుల కథ అది. బాగుంది, ఇచ్చారు. తగువు మార్కెట్టులో, తీర్పు పనితనం మీద. మీరు ఈ రెండూ కలిపేస్తే మీ అవార్డు ఒక వర్గం వాళ్ల అవార్డయిపోతుంది.

అదే నిబ్బరం తర్వాత కూడా కనిపిస్తుంది. 1957 సంవత్సరపు ఉత్తమ చిత్రం పోటీలో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' ఉంది. గెలిచింది లీన్ తీసిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' అనుకో. కానీ బెంగాలీ పల్లెటూరి కథ ఆ వరుసలో నిలబడింది కదా. రాయ్ కూడా 1947లోనే చిదానంద దాస్‌గుప్తాతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. అక్కడ హోటల్లో వాళ్లు, ఇక్కడ కలకత్తాలో వీళ్లు, ఒకే ఏడు. మేం గుంటూరులో నడిపిన సొసైటీ ఆ కలకత్తా చెట్టుకు కాసిన చిన్న కాయే. అందుకే ఈ రెండు సంస్థల మీదా నాకు సొంతవాళ్ల మీద ఉండేంత ప్రేమ.

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఉత్తమ బ్రిటిష్ చిత్రం రీడ్‌ది అన్నాను. రీడ్ స్థాపకుల్లో ఒకడు. రివర్ క్వాయ్ తీసిన లీన్ మొదటి అధ్యక్షుడు. ఆ సినిమాలు గొప్పవి, ఈనాటికీ చూస్తాం, కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేరు. మనకు ఆ రక్షణ ఉండదు. మీ ఐదుగురిలో ఒకరికి మొదటి ఏడాదే అవార్డు వచ్చిందనుకో, తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో మీ అకాడమీ అయిపోతుంది. కాబట్టి బైలాస్‌లోనే, అంటే సంఘం నియమావళిలోనే, రాయండి: కార్యవర్గంలో ఉన్నవాళ్ల పనులు మొదటి మూడేళ్లు పోటీకి రావు. తమవాళ్ల సినిమా ఉన్న విభాగంలో సభ్యులు ఓటు వేయరు. ఓట్ల లెక్క బయటి ఆడిటరు చూస్తాడు.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. మా సొసైటీ ఒకప్పుడు రెండేళ్లపాటు పొట్టి చిత్రాలకు బహుమతులిచ్చింది. రెండో ఏడు మాకు హాలూ భోజనాలూ ఇచ్చిన దాత ఒకాయన తన బంధువుల కుర్రాడి చిత్రానికి ఏదో ఒకటి ఇవ్వమన్నాడు. జ్యూరీ ఒప్పుకోలేదు. అప్పటికి కార్డులు అచ్చయ్యాయి, వేదిక సిద్ధమయింది. నేను కార్యదర్శిని. "ప్రత్యేక ప్రశంస" అని కొత్తగా ఒకటి సృష్టించి ఇచ్చేశాం. నిజంగా మొదటి బహుమతి గెలుచుకున్న అమ్మాయి ఆ రాత్రి నా దగ్గరికొచ్చి, "నాది కూడా ఇలాగే ఇచ్చారా మాస్టారూ?" అని అడిగింది. నేను కాదని చెప్పాను. ఆమె నమ్మలేదు. మూడో ఏడు పోటీకి ఎవరూ పంపలేదు. ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. నీ బడ్జెట్టులో ముప్పావు వంతు ఒకే స్పాన్సరు ఇస్తాడని రాశావు. ఒక్కడి చేతిలో పావు వంతుకు మించి పెట్టకు. సభ్యత్వ రుసుముతో జరిగినంతే జరగనీ.

టీవీవాళ్లను, సినిమావాళ్లను మొదటి రోజునే ఒక గొడుగు కిందికి తెస్తానంటున్నావు. లండన్‌లో అది పదకొండేళ్ల పని. టీవీ నిర్మాతలు, దర్శకులు 1953లో సొంతంగా గిల్డ్, అంటే వృత్తి సంఘం, పెట్టుకున్నారు. రాణి పట్టాభిషేకాన్ని రెండు కోట్లమందికి పైగా టీవీలో చూసిన ఏడాది అది. 1954 అక్టోబరులో వాళ్ల మొదటి అవార్డులు. 1955లో వాణిజ్య టీవీ కూడా వచ్చింది. ఇటు సినిమా హాళ్లు ఖాళీ అవుతున్నాయి. 1946లో బ్రిటన్‌లో తెగిన టిక్కెట్లు 163 కోట్లు, 1960 నాటికి 50 కోట్లు. థియేటర్లవాళ్లు, నిర్మాతలు కలిసి పాత సినిమాలు టీవీకి పోకుండా హక్కులు కొనిపెట్టేందుకు టిక్కెట్టు మీద చిల్లర వసూలు చేసే సంస్థను పెట్టుకున్నారు. అది 1958లో. అదే 1958లో ఫిల్మ్ అకాడమీ, టీవీ గిల్డ్ కలిసిపోయి సొసైటీ ఆఫ్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఆర్ట్స్ అయ్యాయి! వ్యాపారం చేసేవాళ్లు గోడ కడుతున్న ఏడాదే పని చేసేవాళ్లు తలుపు తీశారు. కెమెరా పట్టేవాడికి, కూర్పు చేసేవాడికి తెర చిన్నదైనా పెద్దదైనా పని ఒకటేనని వాళ్లకు తెలుసు. అయితే గమనించు, కలిసేనాటికి ఇద్దరికీ సొంత ఇల్లు, సొంత అవార్డు, సొంత మర్యాద ఉన్నాయి. ఎవరూ ఎవరి పంచన చేరలేదు. సీరియల్ రచయితలను మీ పొట్టి సినిమా కుర్రాళ్లు చిన్నచూపు చూస్తారని నాకు తెలుసు, నువ్వు కాదన్నా సరే. రెండు విభాగాలు పెట్టు, రెండు జ్యూరీలు పెట్టు. నెలకోసారి మాత్రం ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకరి పని ఒకరికి చూపించు. కలవడం దానంతటదే వస్తుంది.

కొత్త సొసైటీ ప్రారంభ సమావేశం బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో, రాణి భర్త ఎడిన్‌బరో డ్యూక్ అధ్యక్షతన జరిగింది. పెద్దల అండ తప్పు కాదు. మీరూ మంత్రిగారిని పిలవండి, మంచి కుర్చీ వేయండి. ఓటు మాత్రం ఇవ్వకండి. మన నంది అవార్డులు 1964 నుంచి ప్రభుత్వం ఇచ్చినవి, జ్యూరీని ప్రభుత్వమే వేసేది. ఆ పద్ధతికి దాని గౌరవం దానికుంది. మీరు పెట్టాలనుకుంటున్నది వేరు, పని తెలిసినవాళ్లు తోటి పనివాళ్లను గుర్తించడం.

మెమెంటో గురించి కూడా చెప్పాలి. క్రిస్టల్ కప్పులు హోల్‌సేలుగా దొరుకుతాయని ధరలు రాశావు. లండన్ టీవీ గిల్డ్‌వాళ్లు 1955లో మిట్జీ కన్‌లిఫ్ అనే శిల్పి చేత నాటకాల ముసుగు ఆధారంగా ఒక కంచు ముసుగు చేయించారు. దాని వెనక్కి తిప్పి చూస్తే ఒక కంటి చుట్టూ ఎలక్ట్రానిక్ గుర్తు, ఇంకో కంటి చుట్టూ తెర గుర్తు ఉంటాయి. పాత నాటకమూ కొత్త సాంకేతికమూ ఒకే ముఖంలో. టీవీవాళ్లు చేయించుకున్న ఆ ముసుగే తర్వాత సినిమావాళ్లకూ గుర్తయింది. మన నందికి లేపాక్షి బసవన్న రూపం ఇచ్చిన ఆలోచన కూడా అంత మంచిదే. మీరూ ఒక శిల్పి దగ్గరికి వెళ్లండి. మొదటి ఏడు మూడే చేయిస్తారు కాబట్టి ఖర్చు మోయగలరు.

ఆఫీసు గురించి తొందరపడకు. ఇప్పుడు మనం చూసే పికడిల్లీ 195 నెంబరు భవనం వాళ్లకు అమరింది 1976లో, మొదలుపెట్టిన 29 ఏళ్లకు. ఒకప్పుడు నీటిరంగుల చిత్రకారుల సంఘానికి కట్టిన ఇల్లది. రాజకుటుంబం మీద 1969లో తీసిన డాక్యుమెంటరీ లాభాల్లో తమ వాటాను రాణి, డ్యూక్ సొసైటీకి ఇచ్చారు, ఈ భవనానికి అది తోడయింది. భవనం తెరిచిన ఏడాదే బ్రిటిష్ అకాడమీ ఆఫ్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఆర్ట్స్ అన్న పేరు వచ్చింది. అంటే నువ్వు లెటర్‌హెడ్ మీద ఇప్పటికే వేయించిన "అకాడమీ" అన్న మాటలాంటి పెద్ద పేరు, సొంత గూడు, రెండూ వాళ్లకు మూడో దశాబ్దం చివర్లో అమిరాయి. మీకు మా సొసైటీ గది ఉంది. నెలకు రెండు ఆదివారాలు ఖాళీయే. ప్రొజెక్టరు కూడా ఉంది, బల్బు ఈమధ్యే మార్పించాను.

బైలాస్‌లో ఇంకొకటి చేర్చు. ఓట్లు సమానంగా వస్తే ఏం చేయాలో. 'గాంధీ'లో కస్తూర్బాగా వేసిన రోహిణీ హట్టంగడికి 1983లో బాఫ్టా సహాయనటి అవార్డు వచ్చింది, మరో నటి మౌరీన్ స్టేపుల్టన్‌తో కలిపి. ఇద్దరికీ ఇచ్చారు, చీటీ వేసి ఒకరిని తీసేయలేదు. ఆవిడే తర్వాత 'సీతారామయ్యగారి మనవరాలు'లో అక్కినేని పక్కన జానకమ్మగా వచ్చింది. మీ అమ్మమ్మ ఆ సినిమా చూసి ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. బాఫ్టా అంటే ఏమిటో ఆవిడకు తెలియదు, జానకమ్మ మాత్రం తెలుసు. మీ అవార్డు అలాంటి నటిని, అలాంటి పనిని జనం కంటే ముందే గుర్తుపడితే చాలు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. సొసైటీ రిజిస్ట్రేషనుకు ఏడుగురు ఉంటే చాలు, మీరు ఐదుగురున్నారు. మిగతా ఇద్దరూ మీ స్నేహితులు కాకూడదు. ఒకరు టీవీలో పాతికేళ్లు పని చేసినవాళ్లు, ఇంకొకరు నేను చెప్పిన ఆ చదువుకునే మనిషి. వచ్చే నెల రెండో ఆదివారం ఏడుగురూ గుంటూరు రండి. ఎవరిదైనా ఒక సినిమా, ఒక సీరియల్ ఎపిసోడు తెండి. చూసి, సాయంత్రం దాకా మాట్లాడుకుందాం. అవార్డుల ఊసు ఆ రోజు వద్దు. అత్తయ్య ఏడుగురికీ భోజనం ఇక్కడే అంటోంది, ఎవరైనా ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లుంటే ముందే చెప్పమంది.

ఇట్లు
మీ మావయ్య