మ్వాలిము న్యెరెరే, మా వీధి పెట్టె తాళం

“ఒక దేశానికి తొలి అధ్యక్షుడైనవాళ్లలో మీకు బాగా నచ్చిన నాయకత్వ లక్షణం ఏది? అది మీ జీవితంలో ఎక్కడైనా పనికొచ్చిందా?” అని కదా ప్రశ్న. వాషింగ్టన్ గురించి, మండేలా గురించి, మన రాజేంద్రప్రసాద్ గారి గురించి చెప్పగలిగినవాళ్లు చాలామంది ఉంటారు. నేను టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరే గురించి చెప్తాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు, బీకాం. కాకపోతే ఆ దేశం ఉప్పు మూడేళ్లు తిన్నాను. ప్రశ్నలో రెండో సగానికి జవాబు చెప్పాలంటే మాత్రం కొంచెం సిగ్గు విడవాలి.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కూరల బేరం దగ్గర ఏది ముందు నోటికొస్తే అది. 2006లో, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని, నలభై ఎనిమిదేళ్ల వయసులో టాంజానియాలోని దారెస్సలాంలో ఒక నూనె మిల్లులో అకౌంటెంటుగా చేరాను. 2009లో తిరిగొచ్చేశాను.

వెళ్లిన మొదటి వారం వెయ్యి షిల్లింగుల నోటు చేతిలోకి వస్తే దాని మీద ఒక బక్కపలచని ముఖం. కొట్లలో చూస్తే గోడ మీద అప్పటి అధ్యక్షుడి ఫొటో, పక్కనే మళ్లీ ఈ ముఖం. ఈయనెవరని మిల్లు వాచ్‌మన్‌ని అడిగితే “మ్వాలిము” అన్నాడు. అంటే మాస్టారు. జాతిపిత అన్న బిరుదూ ఉంది గానీ, జనం నోట్లో ఆయన మాస్టారే. నిజంగానే బడిపంతులు. 1922లో బుటియామా అనే పల్లెలో పుట్టాడు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చి ఒక మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పేవాడు. 1954లో పార్టీ పెట్టాడు. ఉద్యోగమో రాజకీయమో తేల్చుకోమన్నారు. 1955లో బడి వదిలేశాడు.

1961 డిసెంబరు 9న స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికి దేశం పేరు టాంగన్యికా. 1964లో జాంజిబార్‌తో కలిశాకే టాంజానియా అయింది. స్వాతంత్ర్యం నాటికి ఆయనే ప్రధానమంత్రి. నెలన్నర తిరిగేసరికి ఆ పదవికి రాజీనామా చేసి, ఇంకొకరికి అప్పగించి, ఊళ్లు తిరగడానికి వెళ్లిపోయాడు. పార్టీని కింది నుంచి సర్దుకోవాలన్నాడు. 1962 చివర ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడుగా తిరిగొచ్చాడు. కొత్తగా కట్టుకున్న ఇంట్లో పాలు పొంగించి, గదులన్నీ సర్దక ముందే తాళాలు తమ్ముడికిచ్చి పొలానికి వెళ్లిపోయినట్టు ఉంటుంది నాకు ఆ సంగతి తలుచుకుంటే. నాకైతే చేతకాదు. చేతకాదని తర్వాత రుజువు కూడా చేసుకున్నాను.

ఇంకోటి జీతం సంగతి. 1966లో యూనివర్సిటీ విద్యార్థులు నిర్బంధ జాతీయ సేవ మాకొద్దని ఊరేగింపుగా వచ్చి, మంత్రుల జీతాలు చూడండి ముందు అన్నారు. ఆయన తన జీతంలో నూటికి ఇరవై కోసేసుకున్నాడు. ఆ విద్యార్థుల్ని సుమారు 400 మందిని యూనివర్సిటీ నుంచి ఇళ్లకీ పంపించేశాడు. మొదటి సగం వినగానే చప్పట్లు కొట్టబుద్ధేస్తుంది, రెండో సగం వినగానే చేతులు ఆగిపోతాయి. ఆయన చేసినవి చాలావరకు ఇలాగే ఉంటాయి.

నాకు అన్నిటికంటే దగ్గరగా తగిలింది భాష సంగతి. అక్కడ తెగలు 120కి పైనే, ఎవరి భాష వాళ్లది. న్యెరెరేది జనాకి అనే చిన్న తెగ. తండ్రి ఆ తెగకి పెద్ద. ఈయన తన భాషని ఎవరి మీదా రుద్దలేదు (రుద్దినా చెల్లేది కాదనుకోండి), ఇంగ్లీషునే పట్టుకుని వేలాడనూ లేదు. కోస్తా వర్తకుల నోట పెరిగి దేశమంతా పాకిన స్వాహిలీని జాతీయ భాష చేశాడు. అది ఏ పెద్ద తెగ సొత్తూ కాదు, అదే దాని బలం. చిన్న బడి చదువంతా అందులోనే పెట్టించాడు. అధ్యక్షుడిగా ఉంటూనే షేక్స్‌పియర్ నాటకాలు రెండు ఆ భాషలోకి తెచ్చాడు. నాలాంటివాడికీ అది తొందరగా పట్టుబడింది. కొట్టు ‘దుకా’, టీ ‘చాయ్’, ఇన్సూరెన్సు ‘బీమా’, లక్ష ‘లాకి’. లెక్కలు రాసుకునేవాడికి అంతకంటే ఏం కావాలి? మిల్లులో ఎవరినైనా మీదే తెగ అని అడిగితే, ఇతగాడికి మర్యాద తెలీదేమో అన్నట్టు చూసేవారు.

2009లో తిరిగొచ్చాక వినాయక చవితి చందాలకి బయల్దేరాం. మా వీధిలో స్టేషనరీ కొట్టు పెద్దాయన ఒకరున్నారు, ఒడియావారు. తెలుగు నాకంటే చక్కగా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. నూట పదహార్లు ఇచ్చి, రసీదు అటూ ఇటూ తిప్పి చూసి, “బాబూ, ఎనిమిదేళ్లుగా ఇస్తున్నాను. దీని మీద ఉన్నది నా పేరో, ఎదురింటాయన పేరో నాకేం తెలుస్తుంది?” అన్నారు. నవ్వుతూనే అన్నారు. రసీదు పుస్తకాలు పాతపట్నంలో అచ్చు వేయించేవాళ్లం, మొత్తం తెలుగులోనే. మేం ఒడిశాలో ఉంటూ, ఆఫీసు కాగితాలన్నీ ఒడియాలో ఉన్నాయని ఇరవై నాలుగు గంటలూ సణుక్కుంటాం. ఆయన ఎనిమిదేళ్లలో ఒక్కసారీ సణగలేదు.

మరుసటేడు పుస్తకాలు రెండు భాషల్లో వేయిద్దామంటే మా వాళ్లలో ఒక పెద్దమనిషి లేచారు. “ఏటి బావా, మన సంఘంలో మన భాషకి సగం కాగితమా?” నేను స్వాహిలీ కథ మొదలెట్టబోయాను గానీ, ఆఫ్రికా పేరెత్తితే ఇక్కడ ఎవడికీ ఎక్కదు. అందుకని గిడుగు రామమూర్తి గారిని తీసుకొచ్చాను. ఆయన మన ఊళ్లోనే బడిపంతులు. సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. అందువల్ల ఆయన తెలుగేమైనా అరిగిపోయిందా అని అడిగాను. పెద్దమనిషి కూర్చున్నారు. 2010 నుంచి రసీదులో పైన తెలుగు, కింద ఒడియా. చందాలేమీ పెరిగిపోలేదు. స్టేషనరీ కొట్టాయన మళ్లీ అదే నూట పదహార్లు ఇచ్చారు. కాకపోతే ఆ ఏడాది ఆయన మనవడు, పదేళ్ల పిల్లాడు, పందిట్లో నా పక్కన కూర్చుని రసీదులు చింపి ఇచ్చాడు.

న్యెరెరేని దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. 1962లోనే విచారణ లేకుండా మనిషిని లోపలేసే చట్టం తెచ్చాడు. 1965 నుంచి దేశంలో ఒకటే పార్టీ. 1967లో అరూషా ప్రకటన అని సోషలిజం బాట పట్టాడు. అందులో పార్టీ నాయకులు ఇళ్లు అద్దెకివ్వకూడదు, కంపెనీల్లో వాటాలు ఉంచుకోకూడదు, రెండు జీతాలు తీసుకోకూడదు అని రాసుకున్నారు. ఆ ముక్క నాకు నచ్చుతుంది. కానీ ఆ తర్వాత చెదురుమదురుగా ఉన్న పల్లె జనాన్ని కొత్త ఊళ్లకి చేర్చే పని మొదలైంది. మొదట నచ్చజెప్పారు, 1973 తర్వాత బలవంతంగా తరలించారు. మా వాచ్‌మన్ కుటుంబాన్ని అలాగే లారీ ఎక్కించారట. అతనికి అప్పుడు పదహారేళ్లు. “మ్వాలిము మంచివాడు. మా అమ్మ మాత్రం మామిడి చెట్టు వదిలి రానని దాని మొదట్లోనే కూర్చుంది” అన్నాడొకసారి, రాత్రి గేటు దగ్గర టీ తాగుతూ. మరి ఆవిణ్ని ఎలా తీసుకొచ్చారని అడిగాను. గ్లాసు కడగడానికి లేచి వెళ్లిపోయాడు.

మా యజమాని గుజరాతీ. అద్దె భవనాలు 1971లో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు వాళ్ల తాతగారి మూడంతస్తుల బిల్డింగు పోయింది. బంధువులు సగం మంది అప్పుడే లండన్, కెనడా వెళ్లిపోయారు. ఆయన క్యాబిన్‌లో కూడా మాస్టారి ఫొటో ఉండేది. భయంతో పెట్టారా, భక్తితో పెట్టారా అని నాకు అనుమానం. ఒక రోజు ఆయనే చెప్పారు: “మా బిల్డింగు తీసుకున్నాడు. కానీ తన పేరు మీద రాసుకోలేదు.” లెక్కలు రాసేవాణ్ని కదా, ఆ మాట నాకు గట్టిగా పట్టేసింది.

ఇక కుర్చీ సంగతి. 1985లో దిగిపోయాడు. ఎవరూ దించలేదు. ఇరవై మూడేళ్లు కూర్చుని దిగినవాణ్ని పొగడ్డమేమిటి అంటారేమో. ఆ రోజుల్లో ఆ ఖండంలో చాలాచోట్ల నాయకుడు కుర్చీ దిగేది తుపాకీ వల్లో చావు వల్లో. ఘనాలో తొలి అధ్యక్షుడు ఎన్‌క్రుమాని 1966లో సైన్యమే దించేసింది. ఈయన సొంతూరు వెళ్లి వ్యవసాయం చేసుకున్నాడు. తన ఆర్థిక విధానాల్లో తప్పులు జరిగాయని ఒప్పుకున్నాడు కూడా. ఆయన తర్వాత ఒకరు పదేళ్లు, ఇంకొకరు పదేళ్లు పాలించి దిగారు. నేనున్నప్పుడు ఇద్దరు మాజీలూ అదే దేశంలో హాయిగా తిరుగుతున్నారు. మన గాంధీ శాంతి బహుమతి 1995లో మొట్టమొదట ఇచ్చింది న్యెరెరేకే. 1999 అక్టోబరు 14న పోయాడు. ఆ రోజు అక్కడ సెలవు.

ఇలా స్వచ్ఛందంగా దిగిపోవడానికి వాళ్లకో మాట ఉంది: ‘కుఙటూకా’. స్వాహిలీ మాట కాదట, న్యెరెరే తన జనాకి భాషలోంచి తెచ్చి వాడితే అందరి నోటా పడింది. తన తెగ భాషని ఎవరి మీదా రుద్దనివాడు దానిలోంచి దేశానికి ఇచ్చిన మాట చూడండి, దిగిపోవడం! అన్నట్టు మన ఙ అక్షరాన్ని పనీపాటా లేకుండా అక్షరమాలలో కూర్చోబెట్టారని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం. దానికి అక్కడ చేతినిండా పని.

అయితే దిగాక కూడా ఆయన పార్టీ అధ్యక్ష పదవి 1990 వరకు వదల్లేదు. ఒకటే పార్టీ ఉన్న దేశంలో పార్టీ చేతిలో ఉందంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇది తెలిశాక మాత్రం, అబ్బ, ఈయనా మనలాంటివాడే అనిపించింది.

ఎందుకంటే మా వీధి వినాయక చవితి సంఘానికి నేనే వ్యవస్థాపక అధ్యక్షుణ్ని. 2001లో మొదలెట్టాం. నేను దారెస్సలాంలో ఉన్న మూడేళ్లూ కూడా అధ్యక్షుణ్ని నేనే! పందిరి గుంజలు ఎక్కడ పాతాలో ఫోన్‌లో చెప్పేవాణ్ని. సంఘం సామానంతా ఒక ఇనప పెట్టెలో ఉండేది: సీరియల్ బల్బుల దండలు, మైకు వైర్లు, ఇత్తడి పళ్లాలు, రసీదు పుస్తకాలు. తాళం చెవి నేనుంటే నా మొలతాడుకి, లేకపోతే మా ఆవిడ కొంగుకి. 2018లో, వయసు వస్తోంది, కుర్రాళ్లు చూసుకోవాలి అని మీటింగులో గొప్పగా ప్రకటించి కుర్చీ దిగాను. శాలువా కప్పారు. తాళం చెవి మాత్రం ఇవ్వలేదు. అడిగితే “నా దగ్గర ఉంటే మీకే మంచిదిరా” అనేవాణ్ని. అది అబద్ధమని కూడా నాకు అనిపించలేదు.

2019లో చవితి ముందు రోజు విశాఖలో పెద్దమ్మాయి ఇంట్లో ఇరుక్కుపోయాను, రైలు తప్పిపోయింది. తాళం నా మొల్లో ఉంది. కుర్రాళ్లు రాత్రికి రాత్రి లైట్లు అద్దెకి తెచ్చి పందిరి నిలబెట్టారు. నేను తెల్లారి దిగి, దేవుడికి దణ్ణమైనా పెట్టకుండా, అద్దె ఎంతయింది, నన్నడక్కుండా ఎందుకు తెచ్చారు అని కేకలేశాను. వాళ్లు ఒక్కరూ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

కరోనా రెండేళ్లు పెట్టె తెరిచే పనే పడలేదు. 2022లో మళ్లీ పెద్దగా చేద్దామన్నారు. ఆ సాయంత్రం ఎవరో వస్తే నేను యథాప్రకారం మాస్టారి గురించి, ఆయన దిగిపోవడం గురించి చెప్తున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, “ఆ మాస్టారి కథ ఊరందరికీ చెప్తారు గదా, పిల్లలకి ఆ తాళం ఇచ్చీండి” అని వెళ్లిపోయింది. వచ్చినాయన కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలెట్టాడు.

ఇచ్చేశాను. తీసుకున్నది ఎవరనుకున్నారు, స్టేషనరీ కొట్టాయన మనవడే. ఇప్పుడు సంఘం కోశాధికారి అతనే. ఆ రాత్రే ఫోను: “తాతగారూ, తాళం తిరగట్లేదు.” లోపలికి నొక్కి, కాస్త పైకెత్తి, అప్పుడు ఎడమవైపు తిప్పాలి. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ కిటుకు నేను ఎవరికీ చెప్పలేదు. “ఉండు, వస్తున్నా” అని చొక్కా వేసుకుని వెళ్లేసరికి గొళ్లెం కోసేసి ఉంది. మర్నాడు కొత్త తాళం కొన్నారు. ఖర్చుల పుస్తకంలో రాశారు: తాళం ఒకటి, 180 రూపాయలు. తెలుగులో ఒక వరుస, దాని కింద ఒడియాలో ఒక వరుస. దానికి మూడు చెవులొచ్చాయట. ఒకటి నా దగ్గర ఉంచమని ఇవ్వబోతే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.