జాబితా ఎత్తి రాసే ముందు

చి. లహరికి, అత్త ఆశీస్సులు.

నువ్వు ఖాట్మండులో ఒక పరిశోధన సంస్థలో చేరుతున్నావని, పేద దేశాల వర్గీకరణ మీద రిపోర్టు రాయబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. మా ఇంటి పిల్ల దేశాల లెక్కలు తేల్చే పనికి వెళ్తోందని విని గర్వంతో గుండె నిండిపోయింది. అంతలోనే అది భూకంపాల ఊరని గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామునే లేచి రాస్తున్నాను.

నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్టు మాత్రం దగ్గరుంచుకో. ఊలు బట్టలు తీసుకెళ్లు. అద్దె ఇల్లు చూసేటప్పుడు మొదటి ప్రశ్న అద్దె ఎంతని కాదు, 2015 భూకంపంలో ఈ ఇంటికి ఏమైందని. మొహమాటపడకుండా అడుగు. మంచం పక్కనే బూట్లు, టార్చిలైటు పెట్టుకుని పడుకో. ఇది ప్రతి రాత్రీ చేయాలి, మొదటి వారం చేసి మానేయడం కాదు.

ఇక పని సంగతి. పేద దేశాలకు ఒకటే జాబితా ఉందనుకోకు. ప్రపంచ బ్యాంకు తలసరి ఆదాయాన్ని మాత్రమే చూసి దేశాలను నాలుగు మెట్ల మీద నిలబెడుతుంది, ఏటా జూలై 1న ఆ లెక్క మారుస్తుంది. మానవాభివృద్ధి సూచీ 1990 నుంచి ఆయుష్షు, చదువు, ఆదాయం కలిపి చూస్తోంది. ఐక్యరాజ్యసమితి 1971లో 25 దేశాలతో మొదలుపెట్టిన అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా వేరు. అందరూ ఎల్‌డీసీ అంటారే, అది. ఇప్పుడు అందులో 44 దేశాలున్నాయి. మూడేళ్లకోసారి ఒక నిపుణుల కమిటీ ఆదాయం, మానవ వనరులు (చదువు, ఆరోగ్యం), దెబ్బలకు తట్టుకునే శక్తి అనే మూడు కొలతలతో సమీక్షిస్తుంది. వరుసగా రెండు సమీక్షల్లో, మూడింటిలో రెండు కొలతలకు పెట్టిన గీతలు దాటినా, ఆదాయం ఒక్కటే దాని గీతకు రెట్టింపు దాటినా ఆ దేశం బయటికి రావడానికి అర్హమవుతుంది. ఇవి నీకూ తెలిసే ఉంటాయి. నీకు తెలియనిది, నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది.

2009 మొదట్లో సంగతి. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ విదేశీ విద్యార్థుల వ్యవహారాలు కూడా చూసేదాన్ని. జింబాబ్వే కుర్రాడు ఒకడు చిన్నపిల్లల పోషకాహారం మీద పీహెచ్‌డీ చేస్తుండేవాడు. ఒకరోజు ఇంటి నుంచి వచ్చిన కవరులోంచి ఒక నోటు తీసి నా టేబుల్ మీద పెట్టాడు. దాని మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న బండరాళ్ల బొమ్మ. వేలు పెట్టి సున్నాలు లెక్కపెట్టాను. ఒకటి పక్కన పద్నాలుగు. మన లెక్కలో వంద లక్షల కోట్లు. దీంతో ఏమొస్తుందని అడిగాను. "మా అమ్మ టౌనుకు వెళ్లే బస్సు టికెట్టుకు చాలదు మేడమ్" అన్నాడు.

అతనికి విదేశంలో ఒక సదస్సులో పేపర్ చదివే అవకాశం వచ్చింది. ప్రయాణ ఖర్చులకు రెండు గ్రాంట్లున్నాయి. పెద్దది ఎల్‌డీసీ జాబితాలోని దేశాల వాళ్లకి. చిన్నది ప్రపంచ బ్యాంకు లెక్కలో అల్పాదాయ దేశాల వాళ్లకి. రెండింటికీ కలిపి దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. నేను పెద్దదానికే పెట్టమన్నాను. "మా దేశం ఆ జాబితాలో ఉందా మేడమ్?" అని వాడు అడిగాడమ్మా. అడిగాడు. ఆ నోటు చూశాక ఇంకా అనుమానమేమిటని, వారి దేశం ఎల్‌డీసీయేనని ధ్రువీకరిస్తూ నా చేత్తో లేఖ రాసి, సంతకం చేసి, స్టాంపు కొట్టి ఇచ్చాను.

మూడు వారాలకు జవాబొచ్చింది. జింబాబ్వే జాబితాలో లేదు, దరఖాస్తు చెల్లదు. అప్పటికి రెండో గ్రాంటు గడువు దాటిపోయింది. అది వాడికి ఖాయంగా వచ్చేది, ఎందుకంటే ప్రపంచ బ్యాంకు లెక్కలో వాళ్లది అల్పాదాయ దేశమే.

ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసింది. 2006లోనే కమిటీ జింబాబ్వేని ఆ జాబితాలో చేర్చవచ్చని తేల్చింది. చేరడానికి ఆ దేశం ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకోలేదు. ఘనా, పాపువా న్యూగినీ కూడా అలాగే వద్దన్నాయి. జాబితా తీసి చూడటానికి నాకు ఐదు నిమిషాలు పట్టేది. మర్నాడు వాడిని పిలిచి క్షమించమని అడిగాను. వాడు కోప్పడలేదు. కాసేపు కిటికీ వైపు చూసి, "మా నాన్న బడిపంతులు మేడమ్. మా దేశంలో చదువుకున్నవాళ్లు ఎక్కువని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన్ని అడిగినా వద్దనే అనేవాడు" అన్నాడు. సదస్సు వాడు లేకుండానే జరిగిపోయింది. నా సంతకం ఉన్న ఆ లేఖ కాపీ ఇప్పటికీ బీరువాలో ఉంది.

అందుకే నీ మీద కోపం వచ్చింది. నువ్వు రాసుకున్న మొదటి పేజీ మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. "ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటైన నేపాల్" అని మొదలుపెట్టావు. ఏ జాబితాలో? ఏ ఏడాది? ప్రపంచ బ్యాంకు లెక్కలో నేపాల్ అల్పాదాయ మెట్టు దాటి ఒక మెట్టు పైకెక్కింది కదా. నీ పక్క కుర్చీలో కూర్చునే నేపాలీ అమ్మాయి ఆ వాక్యం చదివితే ఏమనుకుంటుంది? కొట్టేసి మళ్లీ రాయి.

మూడు కొలతల్లో అందరూ ఆదాయం మీదే పడతారు. ఈక్వటోరియల్ గినీని చూడు. చమురు డబ్బు పుణ్యమాని ఆదాయం గీతకు ఎంతో పైకి వెళ్లింది, ఆ ఒక్క లెక్కతోనే 2017లో జాబితా దాటింది. చదువు, ఆరోగ్యం కొలత మాత్రం గీత కిందే ఉంది. నువ్వు మూడో కొలత దగ్గర ఎక్కువసేపు ఆగు. పంట ఏటా ఎంత ఊగిసలాడుతుంది, ఎగుమతులు ఒకటి రెండు సరుకుల మీదే నడుస్తున్నాయా, ప్రకృతి విపత్తుల్లో ఎంతమంది దెబ్బతింటున్నారు, ఇవన్నీ అందులో ఉంటాయి. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు మీ నాన్నకు ఆరేళ్లు. దివిసీమలో మన పొలం కోతకొచ్చి ఉంది, కొట్టంలో రెండు జతల ఎడ్లున్నాయి. తెల్లారేసరికి పొలం నిండా ఉప్పునీళ్లు. వాడిని భుజం మీద కూర్చోబెట్టుకుని నడిచాను, వాడికి గుర్తుందో లేదో. ముందు రోజు మన ఆదాయం లెక్క కట్టి ఉంటే మేం ఉన్నవాళ్లమే.

మాల్దీవుల సంగతి చదువు. జాబితా నుంచి వాళ్లను బయటికి పంపాలని 2004 డిసెంబర్ 20న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తీర్మానించింది. ఆరు రోజులకు సునామీ. వాళ్లు బయటికి రావడం 2011 దాకా వాయిదా పడింది. నేపాల్ 2015లో, 2018లో మానవ వనరుల గీత, తట్టుకునే శక్తి గీత దాటింది, ఆదాయం గీత దాటలేదు. మధ్యలో భూకంపం వచ్చిపడి ఇంకొంత వ్యవధి అడిగింది. చివరికి 2021లో జనరల్ అసెంబ్లీ 2026 నవంబర్ 24ని నేపాల్ జాబితా నుంచి బయటికి వచ్చే తేదీగా పెట్టింది. మన దగ్గర తెల్లకార్డు తీసేస్తారంటే ఇంట్లో ఎంత కలవరమో నీకు తెలుసు. ఇదీ అంతే. ఎల్‌డీసీగా యూరప్‌కి సుంకం లేకుండా సరుకు పంపుకునే సదుపాయం కొన్నేళ్ల గడువు తర్వాత పోతుంది. తివాచీలు నేసేవాళ్లను, బట్టలు కుట్టే ఫ్యాక్టరీల వాళ్లను కలిసి, ఈ మార్పుకు ఏం సిద్ధం చేసుకుంటున్నారో అడిగి రాయి. ఆఫీసులో కూర్చుని రాస్తే ఆ భయం నీకు కనబడదు.

రెండో డ్రాఫ్టు నాకు పంపు. కళ్లు మునుపటిలా లేవు, అక్షరాలు పెద్దవి చేసి పంపు. నువ్వడిగిన ఏ ప్రశ్ననైనా సరే, తెలుసులే అని కొట్టిపారేయను.

ఊలు సాక్సులు మూడు జతలు అల్లాను, మీ నాన్నకిచ్చి పంపుతున్నాను. దిగగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ అత్త