డీజిల్ మండుతోంది, సమ్మె అంటున్నారు: లారీ ఈఎంఐకి ఏం చేయాలి?

ప్రశ్న: జగ్గయ్యపేట నుంచి హైదరాబాద్‌కు సిమెంటు తోలే పది టైర్ల లారీ ఒకటుంది. నెలకు 6,000 కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకు 4 ఇస్తుంది. ఈఎంఐ 48,000. డీజిల్ ధర మీద యూనియన్ నిరవధిక సమ్మెకు పిలుపు ఇస్తుందంటున్నారు. ముందుగానే మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చి పెట్టుకోవాలా, లేక 5 లక్షల చీటీ పాడుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. ముందు బండి నిలబడితే రోజుకు ఎంత పోతుందో లెక్క కట్టండి. ఈఎంఐ 48,000, డ్రైవర్ జీతం 20,000 అనుకుందాం, ఇన్సూరెన్స్ నెల వాటా 6,000, ట్యాక్సు, పర్మిట్, ఫిట్‌నెస్ కలిపి 4,000. మొత్తం 78,000, అంటే రోజుకు 2,600. 2025 జూలై 9న కేంద్ర కార్మిక సంఘాలు చేసినలాంటి ఒక్కరోజు సార్వత్రిక సమ్మె అయితే నష్టం అంతటితో సరి. 2018 జూలై 20న డీజిల్ ధరలు, టోల్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం మీద లారీ యజమానులు దిగిన సమ్మె ఎనిమిది రోజులు నడిచింది. ఆ లెక్కన 20,800. దీనికోసం రెండు లక్షలు తెస్తే వడ్డీయే నెలకు 6,000. చీటీ సగం నెలలు కూడా కాకముందే పాడితే పాటలో లక్ష వదులుకోవాల్సి రావచ్చు.

అసలు ఇబ్బంది సమ్మె రోజుల్లో కాదు, ఆ తర్వాత వస్తుంది. సమ్మె నడుస్తుండగా పాత ట్రిప్పుల బ్యాలెన్సు, అంటే అడ్వాన్సు పోగా రావాల్సిన కిరాయి, చేతికి అందుతూనే ఉంటుంది. తోలని ట్రిప్పుల బ్యాలెన్సు రెండు మూడు వారాల తర్వాత రాకుండా పోతుంది, సరిగ్గా అప్పుడే ఈఎంఐ తేదీ వచ్చి పడుతుంది. అందుకే ఒక నెల ఖర్చు 78,000 వేరే ఖాతాలో ఉంచండి. అంత లేకపోతే, తగ్గినంత మేరకే, ఆ సమయంలోనే బ్యాంకులో బంగారం పెట్టండి. వడ్డీ సుమారు నూటికి నెలకు రూపాయి లోపే ఉంటుంది.

సమ్మె జరిగిందని ఈఎంఐ ఆగదు. ఖాతాలో డబ్బు లేకపోతే ఫైనాన్స్ కంపెనీ బౌన్స్ చార్జీ, మీ బ్యాంకు చార్జీ విడివిడిగా పడతాయి, సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. సమ్మె తేదీ ఖాయమవగానే ఈఎంఐ తేదీ మార్చమని కంపెనీకి మెయిల్ పెట్టండి, ఫోన్ మాట నమ్ముకోవద్దు.

సమ్మె ఎనిమిది రోజుల్లో ముగియవచ్చు, పెరిగిన డీజిల్ మాత్రం ప్రతి ట్రిప్పులోనూ తింటుంది. లీటరుకు 4 రూపాయలు పెరిగితే నెలకు 1,500 లీటర్ల మీద 6,000 పోతుంది. రానుపోను 400 కిలోమీటర్ల ట్రిప్పుకు 100 లీటర్లు, అంటే 400 రూపాయలు. 18 టన్నుల లోడైతే టన్నుకు 22. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ‘డీజిల్ పెరిగింది, కిరాయి పెంచండి’ అంటే ఎవరూ వినరు. ఈ 22 అంకె కాగితం మీద చూపించండి. ఒప్పందంలో ఇవాళ్టి బంకు ధరను ఆధార ధరగా రాయించి, అది 2 రూపాయలు అటూ ఇటూ కదిలినప్పుడల్లా టన్నుకు 11 మారాలని పెట్టించండి. ధర తగ్గితే కిరాయీ తగ్గుతుందని ముందే ఒప్పుకుంటే వాళ్లూ సంతకం పెడతారు. యూనియన్ ద్వారా అడిగితే ఇంకా బలం. డీజిల్‌ను జీఎస్టీలోకి తేవాలన్న డిమాండ్ న్యాయమైనదే, కానీ అది నెరవేరుతుందని బడ్జెట్ వేసుకోవద్దు. ఆంధ్రలో, తెలంగాణలో వ్యాట్ వేరు కాబట్టి రెండు వైపులా బంకు బోర్డు చూసి, తక్కువ ఉన్నచోట పూర్తిగా కొట్టించండి. లీటరుకు రూపాయి తేడా ఉన్నా నెలకు 1,500.

పాలసీ కాగితం తీసి చూడండి. ప్యాకేజీ పాలసీలో అల్లర్లు, సమ్మెల్లో బండికి జరిగే నష్టం ఉంటుంది. ఎదుటివాళ్ల నష్టానికే డబ్బిచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అద్దం పగిలినా మీ జేబే. ఆగిపోయిన సంపాదనకు మాత్రం ఏ మోటారు పాలసీ డబ్బివ్వదు. కాబట్టి సమ్మె రోజుల్లో నాలుగు ట్రిప్పుల ఆశతో బండిని రోడ్డెక్కించవద్దు, డ్రైవర్ ప్రాణం కూడా అందులోనే ఉంది. ముందు రోజే ట్యాంకు నింపి, లోడు లేకుండా యార్డులో పెట్టండి. 2024 జనవరిలో డ్రైవర్ల ఆందోళన మొదలవగానే హైదరాబాద్ బంకుల దగ్గర కిలోమీటర్ల కొద్దీ బారులు తీరాయి.

డ్రైవర్ జీతంలో ఆ ఎనిమిది రోజులు కోయవద్దు. బత్తా ఎలాగూ రాదు, జీతం కూడా పోతే సమ్మె అయ్యాక అతను వేరే బండి ఎక్కుతాడు. కొత్త డ్రైవర్ కుదిరేదాకా బండి నిలబడిన నష్టం మళ్లీ మొదలవుతుంది.