ఇంతకీ కోసింది ఎవరు?

విజయవాడ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కవరు అంది పది రోజులైంది. మిర్చి యార్డులో కూలి చేసే అమ్మ మీద నువ్వు రాసిన కథ, దానికి నువ్వే చేసుకున్న ఇంగ్లీషు అనువాదం, వెనక గుండుసూదితో గుచ్చిన కాగితం, మూడూ చదివాను. ఆ మూడో కాగితమే నాకు చిర్రెత్తించింది. కథాంశం, పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, ఇతివృత్తం, దృష్టికోణం అని గడులు గీసి జవాబులు నింపావు. ఇంగ్లీషు తరగతిలో అలాగే చేయమన్నారన్నావు, సరే. కానీ చివరి గడిలో ‘ప్రథమ పురుష’ అని ఉంది. కథ చూస్తే మొదటి నుంచీ ‘నేను, మా అమ్మ’ అంటూ నడుస్తోంది!

ఫస్ట్ పర్సన్ కదా, ఫస్ట్ అంటే ప్రథమ అనుకున్నావు. మన వ్యాకరణంలో ‘నేను’ ఉత్తమ పురుష, ‘నువ్వు’ మధ్యమ పురుష, ‘ఆమె, అతడు, అది’ ప్రథమ పురుష. వాళ్ళ మూడోది మనకు మొదటిది. పాఠం చెప్పేవాళ్ళు కూడా ఇక్కడ తడబడటం చూశాను కాబట్టి నిన్ను ఎక్కువ అనను.

ఆ గడులన్నీ నింపావు గానీ ఒక్క ప్రశ్న వేసుకోలేదు. నాలుగో పేజీలో ఇలా రాశావు: ‘ఆ వారం అమ్మ కూలిలో కోత విధించబడింది.’

ఎవరు విధించారు? ముఠా మేస్త్రియా? కాటా దగ్గర కూర్చున్న గుమస్తానా? కొట్టు యజమానా? కథంతా ఆ కోత చుట్టూనే తిరుగుతోంది. ఆ పిల్ల చదువు మానేది దానివల్లే. కోసినవాడు మాత్రం ‘బడింది’ వెనక దాక్కున్నాడు. పట్టణంలో ప్రతి గోడ మీదా చూస్తున్నాం కదా, ‘ఇక్కడ చెత్త వేసినవారు శిక్షింపబడుదురు’ అని. ఎవరు శిక్షిస్తారో రాయరు, చెత్త పడుతూనే ఉంటుంది. మన ఇళ్ళలో ఎవరైనా అలా మాట్లాడతారా? చేసినవాడు తెలియకపోతే ‘సంచి పోయింది’ అంటాం, ‘ఎవరో ఎత్తుకుపోయారు’ అంటాం. ‘సంచి దొంగిలించబడింది’ అనేది ఇంగ్లీషు వార్తను గబగబా తెలుగు చేసిన చెయ్యి. ఇంగ్లీషులో ఆ వాడుక తప్పు కాదు. చేసినవాడు తెలియనప్పుడో, అతడితో పని లేనప్పుడో వాళ్ళకు అది అక్కరకు వస్తుంది. నీ కథలో చేసినవాడితోనే పని.

ఈ జబ్బు నాకూ ఉండేది. ఇరవై రెండేళ్ళప్పుడు గవర్నరుపేటలో ఒక అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సీసపు అక్షరాలను కేసులోంచి ఒక్కొక్కటిగా ఏరి స్టిక్కులో పేర్చే రోజులు. నా మొదటి కథ అక్కడే కంపోజుకు వచ్చింది. ఐదో తరగతితో బడి మానేసిన కంపోజిటర్ స్టిక్కు చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ‘అయ్యా, ఆరు లైన్లు పేర్చాను. ఇంతకీ తలుపు తీసింది ఎవరు?’ అన్నాడు. ‘అర్ధరాత్రి తలుపు తెరవబడింది’ అని రాసుకుని అదేదో మర్మం అనుకుంటున్నాను నేను. తీసింది భార్య. ‘ఆవిడ తీసిందని రాస్తే నాకు అక్షరాలు కూడా మిగులుతాయి’ అన్నాడు. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. రాత్రి ఏలూరు కాలువ గట్టున ఇంటికి నడుస్తూ మనసులోనే వాక్యం మార్చుకున్నాను. పొద్దున వెళ్ళి చూస్తే ఫారం అచ్చయిపోయింది. ఆ తలుపు ఈనాటికీ తెరవబడుతూనే ఉంది.

ఇక నీ ఇంగ్లీషు. ‘అమ్మ’ అనే మాటకూ ‘కడిగింది’ అనే మాటకూ మధ్య పంతొమ్మిది మాటలు ఉన్నాయి, లెక్కపెట్టాను. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. అయినా మనకు ఊపిరాడుతుంది, ఎందుకంటే ‘లేచి, నీళ్ళు తోడి, పొయ్యి అంటించి’ అని దారి పొడవునా క్త్వార్థకాలు మెట్లలా కాలికి తగులుతాయి. ఇంగ్లీషులో కర్త రాగానే క్రియ కోసం చూస్తారు. ఆలస్యమైతే కర్త ఎవరో మరిచిపోతారు. నువ్వు మన ‘లేచి, తోడి’లను వరుసగా అక్కడికి మోసుకుపోయావు. ఒక్కో పనికి ఒక్కో పూర్తి క్రియ ఇచ్చి మూడు వాక్యాలు చేసి చూడు.

తెలుగులో కూడా ఆ ‘ఇ’ని నమ్ముకుని జారావు. ‘యార్డు గేటు దాటి ఘాటు ముక్కుకు తగిలింది’ అన్నావు. గేటు దాటింది ఘాటా, నువ్వా? ‘గేటు దాటగానే’ అను, చిక్కు విడిపోతుంది. సరిగ్గా ఇదే తప్పుకు ఇంగ్లీషు తరగతిలో కూడా ఎర్ర సిరా పడుతుంది.

నేపథ్యం గడిలో ‘గుంటూరు మిర్చి యార్డు, మే నెలాఖరు, గేటు బయట బారులు తీరిన లారీలు’ అని ఉంది. గుంటూరు పిల్లవు, మే నెలాఖరుకు యార్డుకు వేసవి సెలవులని నీకు తెలియదా? మార్చికి మార్చు. ఆ మిర్చి తేజ రకమో, 334 రకమో కూడా చెప్పు. తొడిమలు తీసేవాళ్ళ చేతులకు ఆ తేడా తెలుస్తుంది.

ఇతివృత్తం గడిలో ‘శ్రమ విలువ’ అని ఉంది. దాని మీద అడ్డంగా గీత పెట్టాను, ఏమీ అనుకోకు. ఒక వారపత్రిక సంపాదకుడు నా కథను సందేశం లేదని రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి వేసుకున్నాడు. తీరా పత్రిక విప్పి చూస్తే చివర ‘అవును, శ్రమే దైవం!’ అని ఒక వాక్యం వెలిసింది. నేను రాయలేదు. నలభై ఏళ్ళుగా సభల్లో నన్ను పొగిడేవాళ్ళు ఆ ఒక్క వాక్యమే ఎత్తుకుంటున్నారు.

కథాంశం గడిలో, కథ పైకెక్కి కిందికి దిగుతున్నట్టు నువ్వు గీసిన ఆ త్రిభుజం 1863లో గుస్తావ్ ఫ్రైతాగ్ అనే జర్మన్ రచయిత ఐదంకాల నాటకాల నడక చూపించడానికి గీసినది. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని మన ఆలంకారికులు చెప్పిన పంచసంధులు కూడా నాటకానికే. ఐదు పేజీల కథకు అంత పరంజా ఎందుకు?

ఒక వాక్యం సంగతి చెప్పాలి. ‘సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నా అమ్మ తన చేత్తో నా కళ్ళు తుడవదు, కొంగులో కారం అంటని చోటు వెతుక్కుంటుంది.’ అక్కడ కాగితం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ వాక్యంలో ఎవరు, ఏం చేశారు, ఎందుకు అన్నీ ఉన్నాయి. ఆ గడులు నింపకముందే రాసి ఉంటావు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి దాన్ని ‘ఆమె చేతులు కారంతో ప్రభావితం చేయబడ్డాయి’ అనే అర్థం వచ్చేలా మార్చావు. ఎందుకు తల్లీ? అమ్మను తీసేసి చేతులు మాత్రం మిగిల్చావు.

కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలనే దాని గురించి కూడా అడిగావు. కూలి కోసింది ఎవరో ముందు తేల్చు. అతనికి పేరు పెట్టకపోయినా ఫరవాలేదు, కాటా పక్కన నిలబెట్టు, చేతిలో చిట్టా పెట్టు, అమ్మ వైపు చూడమను. ఆ పేజీ ఒక్కటే పంపు. కాగితానికి ఒకవైపే రాయి, రెండోవైపు సిరా ఊరి నాకు కనిపించడం లేదు.

ఉంటాను.